క్యాన్సర్ వార్డులో చిన్నవారి సమ్మతి

పిల్లలకు వచ్చు క్యాన్సరులలో అన్నింటికంటె సాధారణమైన అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా, డెబ్బది ఎనుబది యేండ్ల క్రిందట, గుర్తించిన కొలది మాసములలోనే ప్రాణమును హరించు వ్యాధి. నేడు సంపన్నదేశములలో ఆ వ్యాధి సోకిన పిల్లలలో నూటికి దాదాపు తొంబదిమంది బ్రదికి బట్టకట్టుచున్నారు. ఇంతటి మార్పు ఒక తరము పిల్లలు తరువాతి తరము పిల్లలకై తమ శరీరములను ప్రయోగములకు ఒప్పగించుట వలనను, ఆ ప్రయోగఫలితములను వైద్యులు ఓపికతో కూడబెట్టి ఒకదానిపై నొకటి పేర్చుట వలనను మెట్టు మెట్టుగా కలిగినది. ఆ పిల్లలలో ఎందరికి సంగతి తెలిసి జరిగినది, ఎందరికి తెలియక జరిగినది, ఇకమీదట తెలిసియే జరుగవలెనన్నచో వారితో ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో మాటలాడవలెను అనునదే ఈ వ్యాసమున నేను విచారింపదలచిన విషయము.

ఈ చరిత్ర ఆరంభమున ఒక తెలుగువాని హస్తము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై యుండగా, ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలముగ పనిచేయు ద్రవ్యములను తయారుచేసెను. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ 1947 చివర ల్యుకీమియా పిల్లలకిచ్చి చూచి, 16 మందిలో 10 మందికి గుణము కనబడినదని 1948 జూన్‌లో ప్రకటించెను. ఆ గుణము నిలువలేదు. కొన్ని నెలలకే వ్యాధి తిరుగబెట్టెను. సుబ్బారావు ఆ యేడు ఆగస్టులోనే కన్నుమూసెను. అయినను అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికిని, హైదరాబాదులోనైనను విశాఖపట్టణములోనైనను, ల్యుకీమియా పిల్లలకు వెన్నులో సూదితో ఎక్కించుచునే యున్నారు. 1962లో మెంఫిస్‌లో తెరచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనల్డ్ పింకెల్ పలు మందులను కలిపి, తలకు రేడియేషనును చేర్చి, ఆ దశాబ్దము ముగియు వేళకు రమారమి సగముమంది పిల్లలను వ్యాధినుండి తప్పించు మార్గమును చూపెను. ఆ రేడియేషను పిల్లల ఎదుగుదలకును బుద్ధికిని చెరుపు చేయుచున్నదని కనిపెట్టిన తరువాత, అది లేకున్నను వ్యాధి కుదురునని తేల్చినవియు మరల ప్రయోగములే. క్లినికల్ ట్రయల్ అనగానే కొత్త విషమును రుచి చూపుదురని భయపడువారు ఈ రెండవ సంగతిని మరువరాదు. చికిత్సను పెంచుటకు ప్రయోగమెంత అవసరమో, తగ్గించుటకును అంతే అవసరము.

ఫార్బర్ ఆ పిల్లలకు సూదులు వేయ మొదలిడిన యేడే, నాజీ వైద్యుల విచారణ ముగియుచు, న్యూరెంబర్గు నియమావళి వెలువడెను. మనుష్యునిపై జరుపు ప్రయోగమునకు ఆ మనుష్యుని స్వచ్ఛంద సమ్మతి అత్యావశ్యకమనియు, అట్లు సమ్మతించుటకు అతనికి చట్టరీత్యా అర్హత యుండవలెననియు దాని మొదటి సూత్రము. దానిని అక్షరశః పాటించిన పక్షమున పిల్లలపై ఏ ప్రయోగమును జరుగరాదు. జరుగకున్నచో పిల్లల ల్యుకీమియా నేటికిని అసాధ్యవ్యాధిగనే మిగిలియుండును. ఈ చిక్కును విడదీయుటకే తరువాతి నియమములన్నియు పుట్టినవి. 1964 నాటి హెల్సింకీ ప్రకటన సంరక్షకుని అనుమతితో తృప్తిపడినది. 1977లో అమెరికా జాతీయ సంఘమొకటి ఏడేండ్లు నిండిన బిడ్డ సమ్మతిని గూడ తీసికొనవలెనని సూచించినది. 1983 నాటి అమెరికా నిబంధనలు వయస్సును నిర్ణయింపక, బిడ్డ ఎదురుచెప్పక ఊరకుండుటను సమ్మతిగా లెక్కింపరాదని శాసించినవి. అదే యేడు హెల్సింకీ ప్రకటనను సవరించినవారు, బిడ్డ చెప్పగలిగినంతలో బిడ్డ సమ్మతియు కావలెనని చేర్చిరి. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక తమకు సంబంధించిన విషయములలో తమ అభిప్రాయమును చెప్పుకొను హక్కు పిల్లలకు కలదని చాటినది. భారతదేశము 1992లో దానికి కట్టుబడినది. మన వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, ఏడేండ్లు దాటి పండ్రెండేండ్ల లోపు పిల్లల సమ్మతి నోటిమాటగా, పండ్రెండు మొదలు పదునెనిమిది వరకు వ్రాతమూలకముగా తీసికొనవలెను. తలిదండ్రుల అనుమతి ఎటులును ఉండవలసినదే.

నియమముల మాట ఇంతటితో చాలును. అవి కాగితముపై ఎంత శ్రద్ధతో వ్రాయబడినను, వార్డులో జరుగునది వేరు. దానిని గూర్చి జరిగిన పరిశోధనలు వైద్యులకే విస్మయము కలిగించునట్టివి. అమెరికాలో ఆరు పిల్లల ఆసుపత్రులలో, బిడ్డకు ల్యుకీమియా అని తేలిన తరువాత వైద్యులు తలిదండ్రులతో జరిపిన సంభాషణలను స్వయముగ గమనించి, పిదప ఆ తలిదండ్రులను ప్రశ్నించి, ఎరిక్ కోడిష్ మొదలగువారు 2004లో ఒక పరిశీలనను ప్రకటించిరి. ఏ బిడ్డకు ఏ చికిత్స యను నిర్ణయము వైద్యుని విచక్షణకు గాక యాదృచ్ఛికమునకు విడువబడునని వైద్యులు నూటికి 83 సందర్భములలో వివరించియే యుండిరి. అయినను 137 మంది తలిదండ్రులలో 68 మందికి, అనగా సగముమందికి, ఆ సంగతి బోధపడలేదు. చెప్పుటకును తెలియుటకును నడుమ ఇంత అగాధమున్నది. పెద్దవారి విషయమునను ఇంతే: 2001లో స్టీవెన్ జాఫీ బృందము క్యాన్సర్ ప్రయోగములలో చేరిన 207 మంది వయోజనులను పరిశీలింపగా, తాము పొందుచున్న చికిత్స ఇంకను రుజువు కానిదని నూటికి 70 మంది గుర్తింపలేదు, ఐనను నూటికి 90 మంది తమకు సంగతులు చెప్పిన తీరు తృప్తికరముగ నున్నదనిరి. వైద్యునికిని రోగికిని ఇద్దరికిని సంభాషణ చక్కగా ముగిసినదన్న తృప్తి కలుగును. విషయము మాత్రము చేరవలసినచోటికి చేరదు.

ఇక పిల్లలనే అడిగినవారు మిక్కిలి తక్కువ. అట్లడిగినవారిలో యోరామ్ ఉంగురు ఒకడు. 2010లో ఆయన బృందము ప్రకటించిన పరిశీలనలో, ప్రయోగములందు చేరియున్న ఏడు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల 37 మంది పిల్లలలో 19 మందికి తమ చికిత్స పరిశోధనలో భాగమన్న సంగతియే తెలియదు, లేదా జ్ఞాపకము లేదు. 32 మందికి వైద్యుడు ప్రయోగమును గూర్చి చెప్పినప్పుడు ఆ మాటలు అర్థము కాలేదు. 14 మంది కాదనుటకు తమకు స్వేచ్ఛ లేదని భావించిరి. ఇన్ని లోపముల నడుమ ఒక్క సంగతి ఏకగ్రీవము: నిర్ణయములో తమకు పాలుండవలెనని వారందరును కోరిరి. సంఖ్య చిన్నదే, కాని ఆ ముప్పదియేడుగురి మాటలను చదివిన తరువాత, "పిల్లలకేమి తెలియును" అను వాదమును నిశ్చింతగా చేయుట నాకు సాధ్యము కాలేదు.

పిల్లలకు తెలిసికొను శక్తి ఎప్పుడు వచ్చుననునది వేరు ప్రశ్న. 1982లో లోయిస్ వైథార్న్, సూసన్ క్యాంప్‌బెల్ అను వారు తొమ్మిది, పదునాలుగు, పదునెనిమిది, ఇరువదియొక్క యేండ్లవారి యెదుట కల్పిత చికిత్సాసమస్యలనుంచి చూడగా, పదునాలుగేండ్లవారు పెద్దలతో సమానముగ తర్కించిరి. తొమ్మిదేండ్లవారు తర్కమున వెనుకబడినను, ఎన్నుకొన్న నిర్ణయములు మాత్రము వివేకముతో కూడియే యుండెను. 2014లో హాలండులో నిజముగ పరిశోధనలకు పిలువబడిన బాలరోగులను పరీక్షించి, పదకొండేండ్లు దాటినవారు సాధారణముగ సమర్థులనియు, తొమ్మిదిన్నర లోపువారు కారనియు ఇర్మా హైన్ మొదలగువారు తేల్చిరి. అయితే ఈ గీతలన్నింటికంటె నాకు విలువైనదిగ తోచునది ఒక మానవశాస్త్రజ్ఞురాలి పరిశీలన. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అమెరికాలోని ఒక ల్యుకీమియా వార్డులో మూడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లల నడుమ మాసముల తరబడి మెలగి 1978లో వ్రాసిన గ్రంథములో, ఎవరును చెప్పకున్నను పిల్లలు తమ వ్యాధి ప్రాణాంతకమని గ్రహించిరనియు, ఆ గ్రహింపు వయస్సును బట్టి గాక అనుభవమును బట్టి కలిగినదనియు చూపెను. వ్యాధి రెండుమార్లు తిరుగబెట్టిన నాలుగేండ్ల బిడ్డకు తెలిసినంత, నిన్న వార్డులో చేరిన తొమ్మిదేండ్ల తెలివైన పిల్లవానికి తెలియదు. అంతకంటె బాధాకరమైన సంగతి మరొకటి: పెద్దలు దుఃఖింతురను భయముతో ఆ పిల్లలు తమకు తెలియనట్లే నటించిరి; బిడ్డలు భయపడుదురని పెద్దలును అట్లే నటించిరి.

ఈ నటన మన యిండ్లలో మరింత సహజము. "సార్, వాడికేమీ చెప్పకండి" అను మాట తెలుగుదేశమున ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనను వైద్యులు నిత్యము వినునదే. తండ్రిని వరండాలోనికి పిలిచి రిపోర్టు చూపుదురు. తల్లి మంచము ప్రక్క కూర్చుండి బిడ్డకు "రక్తం తక్కువగా ఉందట, ఎక్కిస్తే తగ్గిపోతుంది" అని చెప్పును. ఇంతలో ఆ బిడ్డ ప్రక్క మంచముమీది పిల్లవానినుండి కీమో అన ఏమియో, కౌంటు పడిపోయిన ఏమగునో, జుట్టు ఏ వారమున రాలునో, నిన్నటివరకు కిటికీ ప్రక్క మంచముపై నున్న పాప నేడేల లేదో అన్నియు తెలిసికొనియే యుండును. ఇట్టిచోట ప్రయోగమును గూర్చి ముచ్చటించుట యెట్లు? వ్యాధి పేరే చెప్పని బిడ్డతో, ఆ వ్యాధికి రెండు చికిత్సలలో ఏది మేలో తెలియక పరీక్షించుచున్నామని చెప్పుట అసాధ్యము. కావున, పిల్లల సమ్మతిని గూర్చి మన దేశములో జరుగు చర్చలన్నియు సమ్మతి పత్రముతో మొదలగుట నాకు తలక్రిందులుగ తోచును. మొదట వ్యాధి పేరు చెప్పవలెను. అది తలిదండ్రులను కాదని చెప్పవలసినది కాదు. వారికి నచ్చజెప్పి, వారి యెదుటనే, వారి నోటిమీదుగా చెప్పించుట యుత్తమము. తలిదండ్రులు దాచుట ప్రేమవలననే గాని మోసబుద్ధి వలన కాదు. ఆ ప్రేమను అవమానింపక దానికి వేరొక దారి చూపుట వైద్యుని నేర్పు.

ఒక నిజమైన ప్రయోగమును తీసికొని మాటలాడు తీరును పరిశీలింతము. ముంబయి, ఢిల్లీ, చండీగఢ్, కలకత్తా, చెన్నై కేంద్రములు కలిసి పిల్లల ల్యుకీమియాపై ఐసికిల్ అను పేరుతో ఒక ప్రయోగమును నడపినవి. అందలి ప్రశ్నలలో నొకటి, తీవ్రత తక్కువగా నున్న చిన్నపిల్లలకు ఆరంభచికిత్సలో ప్రెడ్నిసొలోన్ మాత్రను అయిదు వారములకు బదులు మూడు వారములిచ్చిన దుష్ఫలితములు తగ్గునా యనునది. స్టెరాయిడ్ వలన ఇన్‌ఫెక్షన్లు సులువుగ సోకును. మన దేశమున చికిత్స నడుమ పిల్లలను బలిగొనుచున్నవానిలో ఇన్‌ఫెక్షన్లు ముఖ్యమైనవి. ఇట్టి ప్రశ్న తొమ్మిదేండ్ల పిల్లవానికి చెప్పరానంత కఠినమా? వైద్యుడు రౌండ్సులో నిలుచుండి గాక, మంచము ప్రక్క స్టూలు లాగికొని కూర్చుండి మాటలాడినచో సంభాషణ ఈ రీతిగ నుండవచ్చునని ఊహింపుడు.

"నాన్నా, ఈ మాత్ర వేసుకుంటున్నప్పటినుంచి ఆకలి ఎక్కువైంది కదూ?"

"అవును సార్. రాత్రి లేచి కూడా తింటున్నా. అమ్మమీద ఊరికే కోపమొస్తోంది."

"అది నీ తప్పు కాదు, మాత్ర వల్ల. దీన్ని అయిదు వారాలిస్తాం. మూడు వారాలిచ్చినా చాలేమోనని మాకనిపిస్తోంది. కాని ఖాయంగా తెలీదు. తెలుసుకోవాలని కొందరికి మూడు, కొందరికి అయిదు ఇచ్చి చూస్తున్నాం."

"మరి నాకేది?"

"అది నేను చెప్పలేను. చీట్లు వేసి తీసినట్టు కంప్యూటరు తీస్తుంది. నేనూ మార్చకూడదు, అమ్మా మార్చకూడదు."

"నాకు మూడే రావాలి."

"చేరితే ఏది వస్తే అది. చేరకపోతే ఎప్పుడూ ఇచ్చే అయిదు వారాలే ఇస్తాం. చేరకపోయినా నిన్ను ఇలాగే చూసుకుంటాం."

"మూడు వారాలే ఇస్తే, అది చాలకపోతే?"

ఆ చివరి ప్రశ్న కొరకే అయిదు నగరముల వైద్యులు సంవత్సరముల తరబడి శ్రమించినది. పిల్లవాడు దానిని తన దారిన తానే చేరుకొనెను. ఇచ్చట వైద్యుడు చెప్పదగిన సమాధానము ఒక్కటే: "అది మాకూ తెలీదు నాన్నా, అందుకే నిన్ను జాగ్రత్తగా చూస్తూ ఉంటాం." నాకు తెలియదు అనుట వైద్యునికి కష్టము, ముఖ్యముగ, "మీరు దేవుడిలాంటివారు, మీరు ఏదంటే అదే" యని తల్లి చేతులు జోడించి నిలిచిన క్షణమున మరింత కష్టము. కాని యాదృచ్ఛిక ప్రయోగమునకు ధర్మబద్ధత సమకూర్చునదే ఆ తెలియమి. రెండింటిలో ఒకటి మేలని నిశ్చయముగ తెలిసినవాడు చీటీ తీయించుట అధర్మము. వైద్యుడు తన అజ్ఞానమును దాచినచో, తన బిడ్డకు మంచిదేదో యోచించియే వైద్యుడు ప్రయోగమును ఎన్నుకొనెనని తల్లి నమ్మును. 1982లో పాల్ అపెల్‌బామ్ మొదలగువారు వర్ణించిన చికిత్సాభ్రాంతి ఇదియే: పరిశోధనలోని ప్రతి యేర్పాటును తన మేలుకొరకే జరిగినదని రోగి భావించుట. చీట్ల పోలికలోను ఒక అపాయమున్నది. చీట్లాటలో గెలుపోటములుండును గనుక, మూడు వారముల చీటీ బహుమానమనియు, అయిదు వారములది ఓటమియనియు బిడ్డ తలచును. ఏది మేలో ఎవరికిని తెలియదని వెంటనే చెప్పకున్నచో ఆ పోలిక మేలుకంటె కీడే యెక్కువ చేయును.

ఇంత మాటలాడిన తరువాత బిడ్డ "నేను చేరను" అన్నచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను అనేకులు దాటవేయుదురు. నాకు మాత్రము విషయమంతటిలో ఇదియే కీలకముగ తోచుచున్నది. ప్రయోగము ద్వారానే లభించు చికిత్సలో బిడ్డకు ప్రత్యక్ష ప్రయోజనము కలుగు ఆశయున్నప్పుడు, బిడ్డ నిరాకరించినను తలిదండ్రుల అనుమతితో కొనసాగవచ్చునని అమెరికా నిబంధనలును మన మార్గదర్శక సూత్రములును ఒప్పుకొనుచున్నవి. అది అన్యాయమని నేననను. సూదికి జడిసి ఏడ్చు ఏడేండ్ల బిడ్డ మాటకు కట్టుబడి ప్రాణమును పోగొట్టుకొనుమని యెవరనగలరు? కాని అట్టి సందర్భమున "నీకు ఇష్టమేనా?" అని అడుగుటయే దోషము. కాదన్నను జరుగబోవు పనికి అవునా కాదా యని అడిగి, కాదన్న తరువాత బలవంతముగ జరిపినచో, ఆ బిడ్డ తరువాత వైద్యుడు వేయు ఏ ప్రశ్నకును విలువనీయడు. "ఇది నీకు అవసరమని నేనును అమ్మానాన్నలును నిశ్చయించితిమి, ఏ చేతికి సూది వేయవలెనో, ముందు చర్మమునకు తిమ్మిరి మందు పూయవలెనో, ప్రక్కన ఎవరుండవలెనో నీవు చెప్పుము" అను భావమును బిడ్డకు తెలిసిన భాషలో చెప్పుట నిజాయితీ. దీనికి మారుగ, బిడ్డకు ఏమియు ప్రయోజనము లేక కేవలము శాస్త్రము కొరకు అదనపు రక్తమును, అదనపు మజ్జ నమూనాను అడుగుచున్నప్పుడు, బిడ్డ తల అడ్డముగ ఊపిన చాలును. అది తుది తీర్పు కావలెను. తల్లి అనుమతి సంతకము చేసియున్నను సరే. ఈ రెండు సందర్భములను ఒకే పత్రములో, ఒకే శ్వాసలో కలిపి చెప్పుట వలన బిడ్డకు ఎచ్చట తన మాట చెల్లునో తెలియక పోవుచున్నది.

కౌమారము దాటుచున్నవారి సంగతి వేరు. పదునైదు మొదలు ఇరువదియేండ్ల వయస్సువారు పిల్లల వార్డుకును పెద్దల వార్డుకును నడుమ జారిపోవుచుందురు. 2008లో వెండీ స్టాక్ ప్రకటించిన తులనలో, ఒకే ల్యుకీమియాతో బాధపడిన పదునారు మొదలు ఇరువదియేండ్లవారిలో, పిల్లల వైద్యుల ప్రయోగములందు చికిత్స పొందినవారు ఏడేండ్ల తరువాత నూటికి 63 మంది వ్యాధి తిరుగబెట్టక యుండగా, పెద్దల వైద్యుల ప్రయోగములలో చేరినవారిలో 34 మంది మాత్రమే అట్లుండిరి. ఏ తలుపు తట్టిరను దానిపై ప్రాణము ఆధారపడినది. పెద్దల క్యాన్సర్ మందుల ప్రయోగములలో, తగిన చోట, పండ్రెండు మొదలు పదునేడేండ్లవారిని గూడ చేర్చుకొనవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో సూచించుటకు ఇట్టి వెలితియే కారణము. ఈ వయస్సువారు వైద్యుడు గదిలోనికి రాకముందే ఫోనులో తమ వ్యాధిని గూర్చి చదివియుందురు. తలిదండ్రులకు తెలియని అంకెలు వారికి తెలియును. వారి ప్రశ్నలును వేరు: ఇంటర్ పరీక్షలు వ్రాయవచ్చునా, హాస్టలులో ఉండవచ్చునా, మధ్యలో విరమించుకొన్నచో వైద్యుడు కోపించునా, ముందు ముందు పిల్లలు పుట్టుదురా. ఈ చివరి ప్రశ్నను తల్లి యెదుట ఏ పదునారేండ్ల పిల్లయు అడుగదు. చికిత్సకు ముందే వీర్యమునో అండములనో భద్రపరచుకొను అవకాశము కొందరికి కలదు. చికిత్స మొదలైన పిదప తెలిసి లాభము లేదు. కావున తలిదండ్రులను కొంతసేపు బయట కూర్చుండుమని మర్యాదగా కోరి, ఆ యువకునితోనో యువతితోనో విడిగా మాటలాడుట వైద్యుడు అలవరచుకొనవలెను. మన యిండ్లలో ఇది తప్పుగ తోచునని నేనెరుగుదును. మొదటి దినముననే, "పెద్దపిల్లలందరితోను కొంచెంసేపు విడిగా మాట్లాడటం మా పద్ధతి" యని ముందుగ చెప్పియుంచినచో ఎవరికిని కష్టము తోచదు.

అన్ని మార్గములును మూసికొనిపోయిన తరువాత వచ్చు తొలిదశ ప్రయోగముల విషయమున మాట మరింత జాగరూకతను కోరును. ఆ దశలో తెలిసికొనదలచినది ముఖ్యముగ మోతాదు: ఎంతవరకు ఇచ్చిన శరీరము తాళును అని. గతమున జరిగిన తొలిదశ ప్రయోగములలో గడ్డ కొంతయైనను తగ్గినది సుమారు పదిమంది పిల్లలలో ఒకరికి. కాని 2012లో ఫిలడెల్ఫియాలో, ల్యుకీమియా తిరుగబెట్టి వేరు దారి లేని ఆరేండ్ల బాలిక, తన రక్తకణములనే మార్చి తిరిగి ఎక్కించు కార్-టి చికిత్స వలన బ్రదికి, 2017లో ఆ చికిత్సకు అమెరికా అనుమతి లభించుటకు మార్గదర్శియైనది. 2023లో బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ వారి కృషివలన అట్టి చికిత్స మన దేశమునను అనుమతి పొందినది. ఇట్టి కథ నిజము. అదే సమయమున తక్కిన తొమ్మండుగురి కథయు నిజము. ఆశను చంపక, అబద్ధమును చెప్పక మాటలాడవలెనన్నచో, ప్రయోగమును గూర్చి చెప్పుచున్నప్పుడే ఇంటికి పోయి నొప్పి లేకుండ తోబుట్టువుల నడుమ గడుపుటయు గౌరవప్రదమైన మార్గమేయని చెప్పవలెను. ఆ రెండవ మార్గమును నోటితో పలుకకున్నచో, మొదటిదానికి బిడ్డ ఇచ్చిన సమ్మతి ఎన్నుకొనుట వలన వచ్చినది కాదు.

పేదరికము ఈ సంభాషణలన్నింటిలోను మూడవ మనిషివలె కూర్చుండియుండును. ప్రయోగమున చేరిన మందు ఉచితము, పరీక్షలు ఉచితము అన్నచో, పొలము తాకట్టు పెట్టి బస్సెక్కి వచ్చిన తండ్రి తక్కిన వాక్యములను వినునా? కావున చేరకున్న పక్షమున ఆరోగ్యశ్రీ వంటి పథకముల క్రింద ఏ చికిత్స, ఎంతవరకు లభించునో ముందు చెప్పి, ప్రయోగము మాట పిదప ఎత్తుట న్యాయము. సంతకము ఎవరిదను విషయమున మనకు ఒక చేదు అనుభవము కలదు. 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ప్రదర్శన ప్రాజెక్టుగా ఇచ్చినప్పుడు, అనేకమంది గిరిజన బాలికల పత్రములపై తలిదండ్రులకు మారుగ హాస్టలు వార్డెన్లును ప్రధానోపాధ్యాయులును సంతకములు చేసిరి. 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. కొందరు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయినను సమ్మతి తీసికొన్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగ ఖండించినది. అదే సంవత్సరము సుప్రీంకోర్టు ఆదేశముల మీదట, సమ్మతి సంభాషణను దృశ్యశ్రవణ రూపమున చిత్రించు నిబంధన వచ్చినది. సరిక్రొత్త రసాయనముల ప్రయోగములలో పిల్లలవంటి బలహీనవర్గముల విషయమున 2019 నాటి నియమములును దానిని నిలుపుకొన్నవి. కెమెరా వలన మోసము తగ్గును, అవగాహన పెరుగదు. కెమెరా యెదుట తల్లి మరింత బిగుసుకొనిపోవును, పిల్లవాడు తల వంచుకొనును.

అవగాహనకు నాకు తెలిసినంతలో రెండే సాధనములున్నవి: కాలము, తిరిగి అడుగుట. రిపోర్టు చేతికి వచ్చిన దినమున ఏ తల్లియు ఏమియు వినజాలదు. సాధ్యమైనచోట ప్రయోగము మాటను ఒకటి రెండు దినములు ఆపి, మరల కూర్చుండి చెప్పవలెను. చెప్పిన పిదప "అర్థమైందా?" అని అడిగినచో అందరును తల ఊపుదురు, "రేపు మీ తమ్ముడు ఫోన్ చేస్తే ఏం చెబుతావు, నాకు చెప్పి చూపించు" అని బిడ్డను అడిగినచో ఏది చేరినదో ఏది చేరలేదో తేటపడును. ఈ పనికి పెద్ద డాక్టరుకంటె, రాత్రింబవళ్లు బిడ్డ యాసలోనే మాటలాడు నర్సు లేక సామాజిక కార్యకర్త తగినవారు. వారిని సమ్మతి ప్రక్రియలో సాక్షులుగా గాక భాగస్వాములుగా నియమించుట ఏ ఆసుపత్రికైనను చేతనగు పని. దీనికి కొత్త చట్టము అక్కరలేదు.

సమ్మతి ఒకనాటితో ముగియునది గూడ కాదు. ఆరేండ్ల వయస్సున తల్లి అనుమతితో చేరిన బిడ్డకు ఏడేండ్లు నిండినప్పుడు, పండ్రెండు నిండినప్పుడు ఆయా వయస్సునకు తగినట్లు మరల చెప్పవలెను. పదునెనిమిది నిండి ప్రయోగము ఇంకను సాగుచున్నచో తాజాగా సంతకము తీసికొనవలెనని మన నియమములే చెప్పుచున్నవి. నిలువచేసిన రక్తము, మజ్జ నమూనాల విషయమున ఈ బాధ్యత మరింత చిక్కైనది. ఆ నమూనాలిచ్చిన బిడ్డలు ఎందరో నేడు వ్యాధి నయమై డిగ్రీలు చదువుచు, ఉద్యోగములు చేయుచు, చిరునామాలు మారియున్నారు. వారి నమూనాలు మాత్రము శీతలపేటికలలో ఆనాటి సంఖ్యలతోనే యున్నవి. ప్రయోగము ముగిసి, మూడు వారములు చాలునో చాలదో తేలిన నాడు, ఆ ఫలితమును వైద్యపత్రికకు పంపినట్లే, అందు పాల్గొన్న ప్రతి యింటికిని తెలుగులో ఒక పుట వ్రాసి పంపుటకును, నమూనాలను ఇంకను ఉంచుకొనవచ్చునా యని ఆ యువకులనే అడుగుటకును, ప్రయోగమునకు కేటాయించు ధనములోనే మొదటినుండియు ఒక ఉద్యోగి జీతమును చేర్చియుంచవలెను. నైతిక సంఘములు అనుమతి పత్రముపై సంతకము చేయుటకు ముందు, బడ్జెట్టులో ఆ పద్దు ఉన్నదా లేదా యని అడుగ మొదలిడినచో, ఈ పని అయిదారేండ్లలో వాడుకలోనికి రాగలదు.